పొద్దుపోక కుట్టిన జాకెట్లు

నా కుడిచేయి భుజం దాటి పైకి లేవదు. తెలంగాణ వచ్చిన మూడో ఏడు, మర్రిగూడలో పత్తి దించి రివర్సులో వెనుకకు వస్తున్న డీసీఎం వ్యాను నన్ను గోడకు అదిమింది. ఆపరేషన్ అయిన తేదీ, భుజంలో ప్లేటు వేసిన తేదీ, కట్టు విప్పిన తేదీ డైరీలో ఉన్నాయి. వాటిని మళ్లీ తిరగేయాలని నాకు లేదు. నాకు నిద్రపట్టనివ్వనిది కోర్టులో మా ఆయన అన్న ఒక మాట.

నష్టపరిహారం ఎలా లెక్క కడతారో నల్లగొండలో మా వకీలు మొదటిరోజే వివరించాడు. దవాఖాన ఖర్చుకు రసీదులున్నంత ఇస్తారు, పడిన బాధకు వేరుగా కొంత ఇస్తారు. అసలు లెక్క సంపాదనది. నెల సంపాదనను పన్నెండుతో హెచ్చవేస్తారు. వచ్చినదాన్ని వయసును బట్టి మరో అంకెతో హెచ్చవేస్తారు. నాకు నలభై మూడేళ్లు కాబట్టి ఆ అంకె పద్నాలుగు. అందులో డాక్టరు రాసిన వైకల్యం ఎంత శాతమో అంత నాకు రావాలి. నాకు రాసింది నలభై. ఈ పద్ధతి నాకు నచ్చింది. ఎవరి దయతోనూ పనిలేకుండా, కాగితం మీద హెచ్చవేతతో తేలిపోయే సంగతి అనుకున్నాను.

తేలవలసింది ఇక నెల సంపాదన ఒక్కటే. కొడుకు పుట్టిన ఏటి నుంచి నేను జాకెట్లు కుడుతున్నాను. బతుకమ్మ ముందు ఆది జాకెట్ల మూటలు మంచం కింద పట్టేవి కావు. చేలల్లో కలుపు తీసే రోజుల్లో ఒక్కటీ వచ్చేది కాదు. ఏడాది రాబడిని పన్నెండుతో భాగించి, దారం, హుక్కులు, లైనింగు ఖర్చు తీసేస్తే నెలకు తొమ్మిది వేలు. ఏ రోజు ఎన్ని కుట్టానో, ఎంత వచ్చిందో రాసుకున్న డైరీలు వకీలుకు చూపించాను.

"లెక్క మంచిగనే ఉందమ్మా. కానీ మీరు రాసుకున్నది మీకే సాక్ష్యమంటే కోర్టు ఒప్పుకోదు. ఇంకొకరు చెప్పాలె."

"కుట్టించుకున్నోళ్లను తీసుకొస్త సార్."

"కూలి ఇడిసిపెట్టి వాయిదాలకు ఎవరొస్తరు? మీ ఆయన ఉన్నడు గదా. ఆయనకంటె ఎక్కువ ఎవరికెర్క?"

నాకూ అదే సబబుగా తోచింది. బోరు మోటరు కాలినప్పుడు వైండింగుకు, కొడుకు పాలిటెక్నిక్ ఫీజుకు ఆ డబ్బు నా చేతి నుంచి తీసుకున్న మనిషి ఆయనే.

ఆయన సాక్ష్యం రోజు నేను వెనుక బెంచీ మీద కూర్చున్నాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. అరిగిన కాలరును ఒకప్పుడు నేనే తిరగేసి కుట్టిన చొక్కా అది. జాకెట్లు కుట్టి సంపాదిస్తుందా అని మా వకీలు అడిగితే, "కుడ్తది సార్" అని మాత్రం అన్నాడు. తరువాత బీమా కంపెనీ తరఫు వకీలు లేచాడు. పెద్దవయసు, మెత్తని గొంతు.

"భూమి ఎంతుంది పటేలా?"

పెద్ద భూస్వాములను పిలిచినట్టు మా ఆయనను పటేలా అని పిలిచేవారు ఊళ్లో ఎవరూ లేరు.

"నాలుగెకరాలు సార్."

"నాలుగెకరాల ఆసామివి. ఇంటామె సంపాదన మీద బతుకుతున్నవా?"

వెనుక ఎవరో నవ్వారు. మా ఆయన నిటారుగా నిలబడ్డాడు.

"గట్లెందుకు సార్. ఆడోళ్ల పైసల మీద బతికే ఇల్లు కాదు మాది. ఆమె ఇంట్లనే ఉంటది. పొద్దుపోక నాలుగు జాకెట్లు కుడ్తది, గంతే."

"పొద్దుపోక."

"ఔ సార్."

అది ఇంగ్లీషులోకి మారి టైపుమిషను మీద పడింది.

మా వైపు మగవాళ్లు చుట్టాల ముందు ఈ మాట అంటూనే ఉంటారు. భార్య సంపాదిస్తుందని చెబితే ఇంట్లో లేమి బయటపెట్టుకున్నట్టు. అందుకని ఒకామె పొద్దుపోక బర్లను చూసుకుంటుంది, మరొకామె పొద్దుపోక కిరాణం నడుపుతుంది. వినేవాళ్లు ఆ మాటను ఎంతవరకు నమ్మాలో అంతవరకే నమ్ముతారు. కోర్టు మాత్రం అన్నది అన్నట్టే రాసుకుంది.

తిరుగు బస్సులో అడిగాను.

"పొద్దుపోక కుట్టిన్నా నేను?"

"అందరి ముంగట గట్ల అడిగితే ఏం చెప్పాలె మరి? నాకు ఇజ్జత్ ఉండదా?"

"మోటరు వైండింగుకు పైసలు తీసుకున్ననాడు ఎటు పోయింది గా ఇజ్జత్?"

"జర మెల్లగ మాట్లాడు. కండక్టరు మనూరోడే."

తీర్పులో నా సంపాదనకు ఆధారం లేదని, కాలక్షేపానికి కుట్టేదని స్వయంగా భర్తే చెప్పాడని ఉంది. అటువంటివారికి కోర్టే ఒక ఆదాయాన్ని ఊహించి వేస్తుందట. వకీలు దాన్ని 'ఊహాదాయం' అన్నాడు. నాకు ఊహించినది నెలకు నాలుగున్నర వేలు, సరిగ్గా సగం. ఆరు లక్షల నాలుగు వేల ఎనిమిది వందలు రావలసిన చోట మూడు లక్షల రెండు వేల నాలుగు వందలు వచ్చాయి. తీర్పులోని గుణకారాన్ని నేను మళ్లీ చేసి చూశాను. ఎక్కడా తప్పు లేదు.

పైకోర్టుకు పోవచ్చునని, మా ఆయన నిజం రాసి సంతకం పెడితే ప్రయత్నిస్తానని వకీలు అన్నాడు.

"కోర్టుల చెప్పిన మాట తప్పని నేనే రాసియ్యాల్నా? అబద్ధాలోన్ని కావాల్నా?" అన్నాడు మా ఆయన. గడువు దాటిపోయింది.

మొన్న బతుకమ్మకు ముందు, ఊరికి కొత్తగా వచ్చిన అంగన్‌వాడీ టీచరమ్మ ఆది జాకెట్టు పట్టుకొని మా వాకిట్లోకి వచ్చింది. నేను లోపల ఎడమచేత్తో బియ్యం ఏరుతున్నాను. అరుగు మీద కూర్చున్న మా ఆయన ఆమెకు చెప్పడం వినిపించింది.

"ఇప్పుడు కుడ్తలేదు బిడ్డా, చెయ్యి లేస్తలేదు. లేకుంటె ఈ పండుగకు ఆమెకు ఊపిరాడేది కాదు. నెలకు తొమ్మిది వేలు సంపాదించేది, ఖర్చులు పోను. ఉత్తగ చెప్తలేను, నా కండ్ల ముంగటి లెక్క."

ఆమె వెళ్లేదాకా నేను బయటికి రాలేదు. ఆయన చెప్పిన అంకె సరైనదే. ఖర్చులు కూడా తీసేసి చెప్పాడు.