నంబరు తెలిస్తే చాలు, ఫైలు వచ్చేసేది

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం. భిలాయిలో క్యాంప్ 1 దగ్గర మా ఉక్కు కార్మికుల సహకార సంఘం ఆఫీసు. అక్కడి రికార్డు రూము నాది. జీతం సంఘం ఇచ్చేది, తాళం మాత్రం నా మొలతాడుకే ఉండేది. రిటైరయ్యే వయసు దాటినా నన్ను ఉంచారు. ప్రేమతో కాదు, ఏ బీరువాలో ఏ కట్ట ఉందో ఇంకెవరికీ తెలియదు కాబట్టి.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. అంతకుముందు చాలా ఏళ్లు చదవకుండానే ఫైళ్లు మోశాను. అంకెలు మాత్రం వచ్చు. అంకెలు రాకపోతే భిలాయిలో బతకలేం. ప్లాంటులో చేరిన ప్రతి మనిషికీ ఒక పర్సనల్ నంబరు ఉంటుంది. హెల్మెట్ మీద అదే, టిఫిన్ డబ్బా మీద అదే, సైకిల్ మడ్‌గార్డు మీద అదే. శుభలేఖలో పేరు పక్కన నంబరు వేయించుకున్నవాళ్లను కూడా చూశాను. మా సంఘంలో ఫైలుకూ ఆ నంబరే. నాలాంటి సంఘం సిబ్బందికీ ఒక నంబరూ ఫైలూ ఉండేవి.

రికార్డు రూముకు ఒకటే కట్టుబాటు. సభ్యుడు కిటికీ దగ్గర చీటీ ఇస్తాడు. నేను ముందు మొహం చూస్తాను, తర్వాత కార్డు చూస్తాను, ఆఖర్న చీటీ. ఆ మొహానిదే ఆ నంబరు అయితేనే లోపలికి కదులుతాను. తమ్ముడి ఫైలు అన్న అడిగినా ఇవ్వలేదు. తిట్లు తిన్నాను, అరిగించుకున్నాను.

ఆ ఏడాది కాగితాలన్నీ స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టారు. సభ్యులు ఇంటి నుంచే పాస్‌వర్డ్ కొట్టి తమ ఫైలు దించుకోవచ్చు. స్కానింగుకు కట్టలు మోసింది నేనే. సైట్ తెరిచిన కొన్నాళ్లకు, అది భద్రంగా ఉందని సర్టిఫికెట్ రాయడానికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు జ్యోతి. మా క్యాంప్ పిల్లే, క్రేన్ ఆపరేటర్ కూతురు. చేసేది సెక్యూరిటీ టెస్టింగ్, అంటే దొంగ రాకముందే దొంగలా తలుపులన్నీ తోసి చూసే పని. సెక్రటరీగారు నన్ను పిలిచి, "చాయ్ తాగించి సంతకం పెట్టించుకో" అన్నారు.

ఆ పిల్ల కంప్యూటర్ దగ్గరకు పోలేదు. నేరుగా నా కిటికీ దగ్గరకు వచ్చింది.

"తాతా, పహలే ఫైలు ఎలా ఇచ్చేవాళ్లు? పూరా చెప్పండి."

"ఏటి, నీ మిషన్‌కి నా సంగతెందుకు?"

"మిషన్ ఇప్పుడు మీ పనే కదా చేస్తంది. మీకంటే తక్కువ చేస్తే నేను పట్టుకోవాలి కదా."

అన్నేళ్ల ఉద్యోగంలో నా పని ఏమిటని అడిగిన ఆఫీసరు ఒక్కడు లేడు. మొహం, కార్డు, చీటీ, అంతా చెప్పాను. చెవి ఒగ్గి విన్నది. అప్పుడు అడిగింది, "మీ నంబరుతో చూడొచ్చా తాతా?"

చూడమన్నాను. తన ల్యాప్‌టాప్ తెరిచి, టెస్టింగుకు ఇచ్చిన వేరే లాగిన్‌తో సైట్ లోపలికి వెళ్లింది. తెర మీద పైన అడ్రసు వరుస ఒకటి ఉంటుంది, యూఆర్ఎల్ అంటారు. దాని చివర ఉన్న నంబరు చెరిపి నాది కొట్టింది. నా ఫైలు తెరుచుకుంది! మొదటి పేజీలో నేను చేరినప్పటి దరఖాస్తు, కింద నల్లగా నా బొటనవేలి ముద్ర. నా పాస్‌వర్డ్ ఎవరూ అడగలేదు.

"మొహం సూడదేటి ఇది?"

"చూడదు తాతా. వచ్చింది ఎవరో దీనికి తెలుసు. ఈ ఫైలు వాళ్లదేనా అని మాత్రం అడగదు. బస్, చీటీలో ఏముంటే అది తెచ్చేస్తది."

ఇంకోటి కూడా చూపించింది. నంబరు బదులు రెండు చుక్కలూ ఒక ఏటవాలు గీతా కొడితే, ఉన్న ఫోల్డరు వదిలి ఒక మెట్టు పైకి పోవచ్చట. దాన్ని పాత్ ట్రావర్సల్ అంటారు. అలా మెట్టు మెట్టూ ఎక్కి, సైట్ తాళాలన్నీ ఉండే సెట్టింగ్స్ ఫైలు పట్టుకొచ్చింది. 'ఈ గది వదిలెయ్, మేనేజరు సొరుగులో తాళాల గుత్తి పట్రా' అని చీటీ రాస్తే నేను బుద్ధిగా తెచ్చి చేతిలో పెట్టినట్టు. చూపించకూడని ఫైలు ఇలా బయటపెట్టే లోపాలకు ఫైల్ డిస్‌క్లోజర్ అని పేరు. మర్యాద పేరు. నా భాషలో అయితే, కిటికీలో గాడిదను కూర్చోబెట్టారు.

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. రమణమ్మ గుర్తుకొచ్చింది.

రమణమ్మ ప్లాంటు క్యాంటీన్‌లో పనిచేస్తుంది. మొగుడూ ప్లాంటు మనిషే, సంఘం సభ్యుడే. కొట్టి కొట్టి ఒకసారి చెయ్యి విరగ్గొట్టాడు. ఆమె ఎవరికీ చెప్పకుండా జాముల్‌లో గది తీసుకుని, అడ్రసు మార్పు ఫారం నా కిటికీలో ఇచ్చింది. "బాబాయ్, ఈ కాయితం ఆడి కంట పడితే నన్ను బతకనివ్వడు" అన్నది. ఆమె నంబరు ఆ మొగుడికి కంఠతా వచ్చు. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో రెండు డబ్బాలు సర్దుకున్నారు మరి.

ఆ ఫారం ఉన్న కట్ట కూడా స్కానింగుకు నేనే మోశాను. ఒక్క మాట అడగకుండా.

సంగతి వినగానే జ్యోతి లేచి సెక్రటరీగారి గదిలోకి నడిచింది. సైట్ ఇప్పుడే ఆపాలంది.

"ఎలా ఆపుతామమ్మా? ఆదివారం జనరల్ బాడీ. పెద్ద తెర మీద చూపించాలి. మనోళ్లకి వాట్సాప్ తప్ప ఏటొచ్చు? ఎవడు సూస్తాడు?"

"సార్, మీ నంబరుతో చూపించనా? మీరు ఒప్పుకుంటేనే."

"చూపించు, నా ఫైల్లో దాపరికమేటి!" అన్నారాయన. తెరుచుకుంది. రెండో పేజీలో, నైట్ షిఫ్టులో నిద్రపోయినందుకు కుర్రతనంలో ఆయన రాసిచ్చిన క్షమాపణ పత్రం. సెక్రటరీగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "బంద్ చేయించు" అన్నారు.

సైట్ ఆగింది. మరొకరైతే అక్కడితో సంచి సర్దుకునేవారు. ఈ పిల్ల సర్దలేదు. సర్వర్ ఒక లాగ్ రాసుకుంటుంది, ఎవరు ఎప్పుడు ఏ ఫైలు తీశారో. మా ఇష్యూ రిజిస్టరు లాంటిదే. రమణమ్మ నంబరు ఉన్న వరుసలు మాత్రమే వెతికింది. ఒకటే దొరికింది. ఆ రోజే, ఒంటిగంట దాటాక, మొగుడి లాగిన్ నుంచి.

తన ఫైలు దించుకుంటుంటే చివర తన నంబరు కనిపించి ఉంటుంది. అది చెరిపి పెళ్లాం నంబరు కొట్టడానికి ఏ చదువు కావాలి?

"సాంకేతిక లోపం వచ్చిందని అందరికీ ఒక మెసేజ్ పెడదాం" అన్నారు సెక్రటరీగారు.

"ఆ మెసేజ్ చదివి ఆవిడ గది ఖాళీ చేస్తదా సార్?" అంది జ్యోతి. గొంతు పెంచలేదు. "ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇప్పుడే."

ఫోన్ నేను తీసుకున్నాను. "రమణమ్మా, నీ ఎడ్రసు ఆడు సూసేసినాడు. తప్పు మాది. కట్ట మోసింది నాను. బేగి ఎల్లిపో."

అవతల క్యాంటీన్ గిన్నెల చప్పుడు. "టైమెంతయింది బాబాయ్?"

"రెండు దాటింది."

"ఇయాల ఆడిది బి షిఫ్టు. లోపలికెల్లిపోయుంటాడు, పదికి గానీ గేటు దాటడు. సాలు." ఫోన్ పెట్టేసింది. నన్ను తిట్టను కూడా లేదు.

సాయంత్రానికల్లా రుఆబాంధాలో క్యాంటీన్ స్నేహితురాలి ఇంటికి పెట్టెతో చేరింది. మర్నాడు పొద్దున్నే మొగుడు జాముల్ వెళ్లాడు. తాళం పట్టుకుని గుంజి, తలుపు తన్ని పోయాడని, గది అద్దెకిచ్చిన ఇంటావిడ చెప్పింది. రమణమ్మ ఇచ్చిన పోలీసు ఫిర్యాదులో ఆ లాగ్ కాగితం కూడా జతచేశారు.

ఆదివారం తెర ఖాళీగానే ఉంది. జరిగింది సెక్రటరీగారే నిలబడి చెప్పారు. అది ఆయన గొప్పతనం, ఒప్పుకుంటాను. తర్వాత జ్యోతి దగ్గరుండి సైట్ మార్పించింది. ఇప్పుడది నంబరు అడగదు. లాగిన్ అయిన మనిషి ఎవరో చూసి, వాళ్ల ఫైలే ఇస్తుంది. చుక్కలూ గీతలూ కొడితే కదలదు. బయటపడ్డ తాళాలన్నీ మార్చారు. అంతా అయ్యాకే సంతకం పెట్టింది.

కన్నం పూడ్చే పనివాళ్లను చాలామందిని చూశాను. కన్నంలోంచి అప్పటికే ఎవరు దూరారో వెతికినదాన్ని ఈ పిల్లనే చూశాను. నా వయసులో సగం లేదు, తెలుగు మాట్లాడితే సగం హిందీ. అయినా నేను నేర్చుకున్నది ఆమె దగ్గరే. మన చేతిలో ఉన్న కాగితం బయటపడితే, ముందు దాని యజమానికి చెప్పాలి. లోపం, పొరపాటు అని నసగకూడదు. ఎవరు చూశారో, ఏం చూశారో చెప్పాలి, పారిపోవడానికి ఇంకా టైము ఉండగానే.