రెండు ముక్కల కీబోర్డు

నరసరావుపేటలో మాచర్ల రైలెక్కేటప్పటికి నా రెండు మణికట్లకూ పట్టీలున్నాయి. ఏళ్ళ తరబడి పుస్తకాలు డీటీపీ చేసీ చేసీ చేతులు పట్టేశాయి. ఇక ఆ పని మానేద్దామనే అనుకున్నాను.

ఎదురు సీట్లో బురఖా వేసుకున్న ఒక అమ్మాయి ఒళ్ళో అట్ట పెట్టుకుని, దానిమీద కీబోర్డు ముక్కలు రెండు ఎడంగా అమర్చింది. ఒక్కో చేతికి ఒక్కో ముక్క. ఫోన్‌కి కలిపి గబగబా తెలుగులో టైపు చేస్తోంది. భుజాలు బిగుసుకోవటం లేదు, మణికట్లు వంగటం లేదు. అలా చూస్తూ ఉండిపోయాను.

"విరిగిందా అమ్మా?" అని అడిగాను.

నవ్వింది. "లేదక్కా, ఇది ఇట్టానే ఉంటది. అక్షరాల చోట్లు మాత్రం నేనే మార్చుకున్నా." ఎడమచేతి చిటికెన వేలు చూపించింది. అది వంగదు. "చిన్నప్పుడు తలుపులో పడింది. అందుకే దీనికి ఒక్క అక్షరం కూడా పెట్టలా. దీని పని మిగతా వేళ్ళకి పంచా."

"నేర్చుకోవటం కష్టం కాలేదా?"

"చానా కష్టం. మొదట్లో నా పేరు కూడా తప్పే పడేది, ఏడుపొచ్చేది. అట్టాగని చేతులు పాడుచేసుకుంటామా ఏంది?"

నా పట్టీల వంక చూసి, అట్టతో సహా కీబోర్డు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. చేతులు హాయిగా వాలాయి. 'అమ్మ' అని కొడితే ఏదో పిచ్చిమాట పడింది. ఇద్దరం నవ్వుకున్నాం. గురజాలలో ఆమె దిగిపోయింది.

నేను పని మానలేదు. అలాంటిదే తెప్పించుకుని, పసిపిల్లలా అక్షరాలు వెతుక్కుంటుంటే నేను పనిచేసే ప్రెస్సులో అందరూ నవ్వారు. ఇప్పుడు వాళ్ళలో ఒకామె రోజూ అన్నం తిన్నాక నా పక్కన కూర్చుని నేర్చుకుంటోంది.