పరీక్ష ముందు రోజు

మా అన్న ఇరవై రెండేళ్లు సిటీ బస్సు నడిపాడు. ఏటా ఒకసారి కంపెనీ డాక్టరు అన్న చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తాడు. హద్దు దాటితే స్టీరింగు నుంచి దించేసి షెడ్డులో బస్సులు కడగమంటారు. అన్నకు అంతకంటే చావు నయం.

అందుకే పరీక్ష ముందు రోజు మా ఇంట్లో ఒక ఏర్పాటు ఉండేది. ఎవరూ గొంతెత్తకూడదు. మేడ మీద అన్నావాళ్లకీ కింద నాకూ నీళ్ల మోటారు ఒకటే. ఆ రోజు దాని దగ్గర నేనూ వదినా పోట్లాడుకోకూడదు. అమ్మ తన మోకాళ్ల పురాణం విప్పకూడదు. అన్న కడుపునిండా తిని, చంటిపిల్లాడిలా నిద్రపోయేవాడు. మర్నాడు బీపీ బుద్ధిగా హద్దులోనే ఉండేది. డాక్టరు ముద్ర కొట్టేవాడు. సాయంత్రానికి మా మోటారు గొడవ మళ్లీ మొదలు.

మిగతా రోజుల్లో అన్న బతుకేమిటో మాకు తెలియదా? రోజుకు పదకొండు ట్రిప్పులు. ట్రిప్పుకు మూడేసి నిమిషాలు కోసేసిన కొత్త టైము. మధ్యలో దిగే వీల్లేక మంచినీళ్లు కూడా మానేశాడు. ఆలస్యమైతే ప్రయాణికుల తిట్లు, ఎందుకైందని కంట్రోలరు తిట్లు. అవన్నీ దిగమింగి ఇంటికొస్తే గుమ్మంలోనే పంచాయితీ. "నువ్వే చెప్పన్నా, తప్పెవరిది?" అని నిలబెట్టి అడిగేది నేనే.

కిందటి పరీక్ష నెగ్గి వచ్చిన సాయంత్రం అన్న బూట్లు విప్పుతూ, "ఈ వారమంతా నిన్నటిలాగే ఉండకూడదూ? హాయిగా ఉందిరా," అన్నాడు.

"మీకేమైందండీ, గుండ్రాయిలా ఉన్నారని డాక్టరే రాసిచ్చాడుగా!" అంది వదిన.

అందరం నవ్వాం. అన్న కూడా నవ్వాడు.

మూడో రోజు మోటారు దగ్గర నేనూ వదినా కొట్టుకోవడమొక్కటే తక్కువ. డ్యూటీ దిగి వచ్చిన అన్న మా మధ్యకొచ్చి ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. మూతి ఒక పక్కకు లాగేసింది. గోడ పట్టుకోబోయిన కుడి చెయ్యి జారిపోయింది.

"మొన్ననే కదయ్యా బాగున్నాడని కాయితం ఇచ్చారు!" అంటూ ఆసుపత్రిలో కనబడ్డవాళ్లందరినీ అమ్మ నిలదీసింది. కాయితం అబద్ధం కాదు. ఆ ఒక్క రోజూ బాగానే ఉన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ గొంతెత్తరు. మోటారు నేనే వేసి ముందు మేడ మీదికి నీళ్లు ఎక్కిస్తున్నాను. అమ్మకు మోకాళ్లున్న సంగతే గుర్తులేనట్టుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మాకు చేతకాక కాదు. చేతనయ్యీ ఇరవై రెండేళ్లలో ఇరవై రెండు రోజులే చేశాం. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఇల్లింత నెమ్మదిగా ఉంటే పరీక్ష వచ్చిందనుకుంటున్నాడేమో, రోజూ పొద్దున్నే అన్న బాగున్న చెయ్యి చాపి, పట్టీ చుట్టమన్నట్టు నా వంక చూస్తాడు.