ఎర్ర జెండా కింద కాపలా

మా దీవిలో సుయాక్ ఊరికి పడమటి వైపు, సముద్రపు ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బల మీద సైనికులు ఏళ్ల తరబడి తుపాకులు కాల్చడం నేర్చుకున్నారు. వాళ్లు వెళ్లిపోయేముందు సర్కారు వాళ్లచేతే అక్కడ సరుగుడు మొక్కలు నాటించి, పక్షులను ఎవరూ కొట్టకూడదని చెప్పి, నన్ను కాపలా పెట్టింది. చెరకు తోటల్లో నడుం విరగ్గొట్టుకున్నవాణ్ణి. ఆ కొలువు దొరికినప్పుడు నాకు పట్టలేనంత సంతోషం కలిగింది.

పాత ఉత్తర్వు ఒకటి మాత్రం అలాగే ఉండిపోయింది. కాల్పులకు గుర్తుగా ఎర్ర జెండా ఎగురుతున్నంతకాలం మనిషన్నవాడు లోపల అడుగు పెట్టకూడదు. సైనికులు జెండా దించకుండానే వెళ్లిపోయారు. జెండా కొయ్యేమో నడి దిబ్బ మీద ఉంది. అందుచేత ఏడాదిపాటు నేను కంచె బయటే తిరుగుతూ లోపలి మొక్కలకు కాపలా కాశాను.

ఒకరోజు ఉదయం తనిఖీకి సర్కారు దొర వచ్చాడు. ఆయన్ని మేం మిస్యే అని పిలిచేవాళ్లం.

“కాల్పులు జరుగుతున్నాయా?” అని మా దీవి భాష క్రియోల్‌లో అడిగాడు.

“లేదు మిస్యే. కాల్చేవాళ్లే లేరు.”

“మరి జెండా దించు.”

“దించాలంటే లోపలికి పోవాలి మిస్యే.”

దొర కంచె దాకా పోయి ఆగిపోయాడు. ఉత్తర్వు తెప్పించి చదివాడు. కాల్పులు ముగిశాయని సైన్యం మనిషి ఎలుగెత్తి చెప్పిన తరువాతే జెండా దించాలట.

నాకు తెలిసిన సైన్యం మనిషి ఒక్కడే. సైనికుల వంటశాలలో పనిచేసి మానేసిన మా ఊరి పెద్దాయన. మామా అని పిలిచేవాణ్ణి.

“నేను కాల్చింది రొట్టెలు, అల్లుడూ!” అన్నాడాయన.

“సైన్యం రొట్టెలే గదా, మామా!”

దొర కూడా సరేనన్నాడు. మామ రెండు రోజులు గడువు అడిగి, కోటు ఉతికించుకుని, మీసం దువ్వుకుని, మళ్లీ వచ్చిన దొర ముందు హాజరయ్యాడు. కంచె దగ్గర నిటారుగా నిలబడి, మూకుడు మీద గరిటెతో మూడుసార్లు కొట్టి, “తీర్ ఫిని! కాల్పులు అయిపోయాయి!” అని అరిచాడు. దిబ్బల మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. దొర టోపీ తీశాడు. నాకు నవ్వు రాలేదు.

లోపలికి వెళ్లి జెండా దించాను. ఆ తరువాత దొర, మామ కూడా లోపలికి వచ్చారు. చూస్తే దిబ్బల చాటున సగం మొక్కలు మొదలంటా కొరికేసి ఉన్నాయి. వాటి నడుమ ఏడు మేకలు పడుకుని తీరిగ్గా నెమరు వేస్తున్నాయి.

“ఎవరివివి?” దొర గద్దించాడు.

“నావే మిస్యే,” అన్నాడు మామ, ఇంకా నిటారుగానే నిలబడి.

దొర టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ వానాకాలమంతా నేను, మామ కంచె కంతలు పూడుస్తూ కొత్త మొక్కలు నాటాం.