కళ్ళకద్దుకున్న పదో బొమ్మ

మా చిన్నప్పుడు... ఎనభైల మొదట్లో, అమెరికాలో, హెర్న్‌డన్‌లో... శనివారం వస్తే నేను బిమల్ అంకుల్ వాళ్ళ బేస్‌మెంట్‌లోనే ఉండేదాన్ని. మా పక్కింటాయన, బెంగాలీ. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి, వెనక నుంచి మా అమ్మ అన్నం తెడ్డుతో రుద్ది అచ్చు తీసేవారు. ఒక్క వారానికని అడిగి పట్టుకెళ్ళిన తెడ్డు... మళ్ళీ మా వంటింటి ముఖం చూడలేదు!

అన్నీ వాళ్ళ ఊరి బొమ్మలే. నాట్లు వేసే ఆడవాళ్ళు, వలలు విసిరే జాలర్లు... ఆ వారం తీసింది మాత్రం వాళ్ళమ్మని. వాకిట్లో కూర్చుని చేటతో బియ్యం చెరుగుతోంది. ఆవిడ ఫోటో ఒక్కటీ లేదట. గుర్తున్నంత వరకే చెక్కారు.

ఒక్కో రంగు అద్దాక అదే చెక్కను ఇంకాస్త చెక్కేసే పద్ధతి ఆయనది. చివరి నలుపు అద్దేసరికి పాత బొమ్మ చెక్కలో ఉండదు, ఇంకో కాపీ రాదు. మొత్తం పది తీశారు. పదీ వచ్చే శనివారం ఎగ్జిబిషన్‌కి వెళ్ళాలి.

"డోంట్ టచ్, ఓకే? స్టిల్ వెట్" అని చెప్పి ఫోన్ ఎత్తడానికి పైకి వెళ్ళారు.

తాడుకి క్లిప్పులతో వేలాడుతున్న వాటిలో ఒకటి జారి కింద పడింది. చూసుకోకుండా వెనక్కి తిరిగాను... నా కాలు తగిలింది. కాగితానికి కాలు తగిలితే ఏం చేస్తాం? ఆలోచించనేలేదు. టక్కున తీసి కళ్ళకద్దుకున్నాను.

చూస్తే ఆవిడ ముఖం అలుక్కుపోయి ఉంది.

దాన్ని గోడవైపు తిప్పి క్లిప్పు పెట్టేసి, ఇంటికి ఒకటే పరుగు.

"కళ్ళకి ఆ నలుపేంటే?" అంది అమ్మ.

"కాటుక."

"వాళ్ళింట్లో నీకు కాటుకెవరు పెట్టారే?" అంటూ కొబ్బరినూనెతో తుడిచింది.

ఆ వారమంతా అన్నం సహించలేదు. ఫోన్ మోగితే బాత్రూమ్‌లో దూరేదాన్ని. స్కూల్ బస్ దిగి, వాళ్ళింటి ముందు నుంచి రాలేక వీధంతా చుట్టి వచ్చేదాన్ని. చెప్పేద్దామని రెండుసార్లు వాళ్ళ తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. నన్ను తిడితే తిట్టారు... వాళ్ళమ్మ ముఖం మళ్ళీ ఎలా వస్తుంది?

శుక్రవారం సాయంత్రం ఆయనే వచ్చారు, చేతిలో ఆ బొమ్మ. ఆయన నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని మరక చూపించారు. అందులో నా కనురెప్పల వెంట్రుకలు, సన్నగా, రెండు వరసలు అచ్చుపడి ఉన్నాయి.

"యువర్ ఫుట్ టచ్డ్ ఇట్?"

ఏడుస్తూ తలూపాను.

"మై మదర్ డిడ్ ద సేమ్. ఎవ్రీ టైమ్" అన్నారు.

ఎగ్జిబిషన్‌కి తొమ్మిదే వెళ్ళాయి. పదోది ఆయన గదిలోనే ఉండిపోయింది.

అంకుల్ పోయాక వాళ్ళమ్మాయి దాన్ని నాకు పంపింది. మొన్న ఇల్లు సర్దుతుంటే మా అబ్బాయి కాలు దానికి తగిలింది. "ఊప్స్, సారీ మామ్" అనేసి వెళ్ళిపోయాడు. వాడి తప్పు కాదు, నేనే నేర్పలేదు. నేనే తీసి కళ్ళకద్దుకున్నాను. సిరా ఆరి నలభై ఏళ్ళు... అయినా భయం భయంగా అద్దం దగ్గరికెళ్ళి రెప్పలు చూసుకున్నాను.

కాగితానికి కాలు తగిలితే మీ ఇంట్లో పిల్లలు ఇంకా ఆగుతున్నారా? ఆగుతుంటే చెప్పండి... వినాలనుంది.