ఫ్రిజ్జు కోసం వెళ్ళి తెచ్చుకున్న గిటారు

ఆ ఆదివారం మేము వెళ్ళింది ఫ్రిజ్జు కోసం. వసంత్ విహార్‌లో ఉంటున్న ఒక విదేశీయుడు ఢిల్లీ వదిలి వెళ్ళిపోతూ ఇంటి సామానంతా అమ్మేస్తున్నాడని మా ఆయన ఇంగ్లీషు పేపర్లో చూశారు. ఎంబసీల్లో పనిచేసేవాళ్ళు వాడిన ఫ్రిజ్జంటే అప్పట్లో మా సరోజినీ నగర్ క్వార్టర్లలో కొత్తదానికన్నా ఎక్కువ గౌరవం. ఇద్దరం గవర్నమెంటు ఉద్యోగులమే అయినా మా ఇంట్లో ఇంకా ఫ్రిజ్జు లేదు. ఏప్రిల్ ఎండలు మొదలయ్యాయి. దాని కోసమే దాచిన డబ్బు పర్సులో పెట్టుకుని ఆటో ఎక్కాం.

మేం వెళ్ళేసరికి ఆ ఫ్రిజ్జుని ఎవరో టెంపోలోకి ఎక్కిస్తున్నారు. మా ఆయన మొహం చిన్నబోయింది. వచ్చినందుకు మిక్సీ అయినా చూద్దామని లోపలికి నడిచారు. నేను హాల్లోనే నిలబడిపోయాను. సోఫా పక్కన గోడకు ఆనించి ఒక గిటారు ఉంది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. రాజమండ్రిలో లంగా ఓణీల వయసులో నేను గిటారు నేర్చుకున్నాను. మా మాస్టారు నేర్పింది హవాయన్ పద్ధతి. గిటారుని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమచేత్తో ఒక నున్నటి స్టీలు కడ్డీని తీగల మీద జారిస్తూ, కుడిచేత్తో మీటాలి. వీణలా కుదురుగా కూర్చుని వాయించేది కాబట్టి మా వైపు ఆడపిల్లలకు దాన్ని నేర్పించేవారు. పెళ్ళిచూపుల్లో పాడమంటే పాటెందుకని గిటారు తెచ్చి వాయించాను. మా ఆయన ఆ మాట ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతారు. పెళ్ళయ్యాక ఢిల్లీ ట్రాన్స్‌ఫర్‌లో, సామాను లారీలో, బీరువా కింద పడి దాని మెడ విరిగింది. అప్పుడు నేను ఏడ్చిన ఏడుపు మా ఆయన మర్చిపోలేదు. ఇంకోటి కొందామని ఏటా అనేవారు. ఏటా ఇంకేదో కొనేవాళ్ళం.

అందుకే గోడకు ఆనిన ఆ గిటారును చూడగానే నాకు ఫ్రిజ్జు గుర్తులేదు. అంచులు నల్లగా, మధ్యకు వచ్చేసరికి ముదురు తేనె రంగు. తీగలు బిగించే బంగారు రంగు బిరడాలు. అమెరికాలో చేసిందట, చాలా ఖరీదైన రకమట. దానికి పొట్టలో చిల్లు లేదు. ఎలక్ట్రిక్ కదా, కరెంటుతో మోగుతుంది కాబట్టి చిల్లెందుకు అనుకున్నాను. అదే గిటారు, కాస్త ఆధునికం, అంతే.

ఇంటాయన పెద్దవాడు, తెల్లగడ్డం. "మీరు వాయిస్తారా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"చిన్నప్పటినుంచీ," అన్నాను.

వాయించి చూడమని ఇవ్వబోయాడు. పరాయి ఇంట్లో, నలుగురు బేరగాళ్ళ మధ్య, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు. అక్కర్లేదన్నాను.

"ఓసారి చూసుకోవోయ్, చేతికి ఎలా ఉందో," అన్నారు మా ఆయన తెలుగులో.

"గిటారు గురించి మీరు నాకు చెప్పకండి," అన్నాను. నా కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన పర్సు తీశారు.

గడ్డమాయన మంచివాడు. వచ్చే ఆదివారం తన విమానమనీ, నచ్చకపోతే శనివారంలోగా తెచ్చిస్తే డబ్బు తిరిగి ఇచ్చేస్తాననీ చెప్పాడు. నచ్చకపోవడం ఏమిటని నవ్వుకున్నాను.

ఇంటికొచ్చేసరికి పక్క క్వార్టర్ ఆంటీ మెట్ల దగ్గరే ఉంది. "ఫ్రిజ్ ఆ గయా?" అని అడిగి, మా ఆయన చేతిలో నల్లటి పొడుగాటి పెట్టెనూ, నా చేతిలో దాంతోపాటు వచ్చిన చిన్న స్పీకరు డబ్బానూ చూసి నోరు తెరుచుకుని ఉండిపోయింది. మా ఆయన మాత్రం "నహీ ఆంటీ, గిటార్," అని, ఎవరో చుట్టాన్ని పరిచయం చేసినట్టు చెప్పి లోపలికొచ్చేశారు.

కొత్త వస్తువు వస్తే బొట్టు పెట్టడం మా అలవాటు. పెట్టె మూత తీశాను. లోపల నగల పెట్టెలా ఎర్రటి మఖమల్. వేలికి కుంకుమ అద్దుకుని ఎక్కడ పెట్టాలా అని చూస్తే, ఆ మెరుపు మీద చెయ్యి వెయ్యడానికి భయమేసింది. చివరికి పెట్టె పిడికి పెట్టాను. ఒళ్ళోకి తీసుకుంటే పసిపిల్లంత బరువు. మా పాత గిటారు ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉండేది. ఇది చెక్క దుంగ. పడుకోబెట్టి తీగలన్నీ కలిపి ఒకసారి మీటాను. దోమ పాడినంత చప్పుడు వచ్చింది.

స్పీకరుకు వైరు తగిలించి స్విచ్ వేశాను. గుయ్యిమని రొద వచ్చింది కానీ గిటారు మాత్రం పలకలేదు. దాని మీద నాలుగు గుండ్రటి మరలున్నాయి, ఒక చిన్న మీట ఉంది. ఏది ఏమిటో రాసిలేదు. ఒకటి తిప్పితే ఏమీ కాలేదు. ఇంకోటి తిప్పాను. ఒక్కసారి గది అదిరిపోయింది. మా ఆయన వంటింట్లోంచి టీ గ్లాసుతో సహా పరిగెత్తుకొచ్చారు.

తర్వాత వచ్చింది అసలు అయోమయం. నాకు తెలిసిన గిటారులో తీగలన్నీ కలిపి మీటితే ఒకదానితో ఒకటి కలిసిపోయి హాయిగా మోగుతాయి. దీన్ని మీటితే ఆరు తీగలూ ఆరు మాటలు మాట్లాడాయి. పాపం, ముసలాయనకు శ్రుతి చేసుకోవడం రాదు కాబోలనుకున్నాను. గంటసేపు కూర్చుని నా పద్ధతిలో శ్రుతి చేశాను. పాత ట్రంకుపెట్టెలో దాచిన స్టీలు కడ్డీ తీసి, తుడిచి, తీగల మీద పెట్టాను.

టకటకమని చప్పుడైంది. మెడ మీద అడ్డంగా ఉన్న లోహపు మెట్లకు తీగలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, కడ్డీ ఆనగానే కిందికి దిగిపోయి మెట్టు మెట్టుకూ కొట్టుకుంటోంది. స్వరం జారడం లేదు, గెంతుతోంది. తేలిగ్గా ఆనించాను. అప్పుడు తీగ పలకడమే మానేసింది. గట్టిగా నొక్కితే మళ్ళీ టకటక. ఇన్నేళ్ళు వాయించకపోవడం వల్ల చెయ్యి పోయిందా? ఆ భయం ముందు ఫ్రిజ్జు డబ్బు పోవడం చాలా చిన్న సంగతి.

మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. మేం తెలుగులో ఏమడిగినా హిందీలో జవాబు చెప్పేది. గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "మమ్మీ, ఐసే నహీ బజాతే. టీవీ మే సబ్ ఖడే హోకే బజాతే హైఁ," అంది. ఇలా వాయించరట, టీవీలో అందరూ నిలబడే వాయిస్తారట.

కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజులు. నిలబడి, భుజానికి పట్టీ తగిలించుకుని, వేళ్ళతోనే తీగలు నొక్కుతూ వాయించేవాళ్ళని నేనూ చూశాను. సినిమాల్లో హీరోలనూ చూశాను. అది ఫోజు అనుకునేదాన్ని. సినిమా హీరో కారు కూడా స్టీరింగు వదిలేసి నడుపుతాడు, అది చూసి ఎవరైనా డ్రైవింగ్ నేర్చుకుంటారా? వేళ్ళతో నొక్కి వాయించే పద్ధతి వేరే ఉందని మా మాస్టారు ఎప్పుడో అన్న మాట లీలగా గుర్తుంది. అది పాటకు పక్కన తాళం కొట్టినట్టు తోడు వాయించేవాళ్ళ పని అన్నట్టు చెప్పారు. దానికోసం వేరే గిటారు చేస్తారని ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

"వెళ్ళి చదువుకో," అని పిల్లను కసిరాను. కానీ పిల్ల వెళ్ళాక గిటారును నిలబెట్టి పట్టుకుని చూశాను. మెడ నా అరచేతిలో చక్కగా ఒదిగింది. అది నాకింకా కోపం తెప్పించింది.

సోమవారం నుంచి ఆఫీసులో టైపు చేస్తున్నా మనసంతా ఆ టకటక దగ్గరే ఉండేది. సాయంత్రం వచ్చి కడ్డీతో కుస్తీ పట్టేదాన్ని. ఒకరోజు, తప్పు గిటారుదే అనిపించేది. మర్నాడు, తప్పు నాదే అనిపించేది. ఇంత ఖరీదైన వస్తువు సరిగ్గా లేకపోవడం ఏమిటి? ఇన్నేళ్ళు వాయించిన నాకు చేతకాకపోవడం ఏమిటి? రెండింటిలో ఏదీ నమ్మబుద్ధి కాలేదు. మా ఆయన పక్కగదిలో పేపరు చదువుతున్నట్టు కూర్చునేవారు. పేజీ తిరిగిన చప్పుడు మాత్రం వినబడేది కాదు.

గురువారం భోజనాల దగ్గర చెప్పేశాను. "ఇది నేను వాయించేది కాదండీ. వేరే రకం. నాకు తెలియక కొన్నాను."

పెళ్ళిచూపుల కథ ఇంక ఎవరికీ చెప్పలేరేమో అన్నట్టు ఆయన నా వైపు చూశారు. లేక నాకే అలా అనిపించిందో. "పోనీలే," అన్నారు. "శనివారం ఇచ్చేసి వద్దాం. ఆ డబ్బుతో మార్కెట్లో ఫ్రిజ్జు చూద్దాం. కొత్తదే."

శనివారం ఆ ఇంట్లో సామాను లేదు. అట్టపెట్టెలూ రెండు కుర్చీలూ మిగిలాయి. నేను తెచ్చిన కడ్డీ చూపించి, ఒళ్ళో పెట్టి వాయించి, ఆ టకటక వినిపించి, నా బాధ చెప్పాను. గడ్డమాయన నవ్వలేదు. హవాయన్ పద్ధతి తనకు తెలుసన్నాడు. మెడ చివర ఒక చిన్న ఇనప ముక్క దూర్చి తీగలన్నీ పైకి లేపిస్తే, కడ్డీతో వాయించుకోవచ్చట. "కానీ దయచేసి దీన్ని అలా చెయ్యకండి. మీకు కావలసింది వేరే గిటారు. ఇది నేను తీసేసుకుంటాను," అన్నాడు. లోపలికెళ్ళి డబ్బు తెచ్చి మా ఆయన ముందున్న అట్టపెట్టె మీద పెట్టాడు.

అక్కడితో అయిపోవలసింది. ఆయన నా శ్రుతి మార్చి తన శ్రుతి చేసుకున్నాడు. అంతా సరిగ్గా ఉందో లేదో చూడటానికి కాబోలు, కుర్చీలో కూర్చుని వాయించడం మొదలుపెట్టాడు. నాకు కర్కశంగా వినబడిన ఆ ఆరు తీగలే. ముసలి వేళ్ళు మెట్ల మధ్య నడుస్తున్నాయి. ఒక వేలు తీగను పక్కకు లాగింది. స్వరం వంగింది, మా మాస్టారు వంచమని చెప్పి చెప్పి నాతో చేయించినట్టే వంగింది. కడ్డీ లేకుండా.

నాకు ఆనందం కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు నా ఒళ్ళో మూగగా పడున్నది, నాతో గొడవపడ్డది, ఈయన చేతిలోకి వెళ్ళగానే ఇంత బుద్ధిగా పలుకుతుందా? నా పిల్ల నాతో తెలుగు మాట్లాడకుండా పక్కింటివాళ్ళతో గలగలా మాట్లాడినా నాకు ఇంత అసూయ కలగలేదు.

"డబ్బు వద్దు," అన్నాను. "గిటారు ఇవ్వండి."

ఆయన వాయించడం ఆపాడు. మా ఆయన అప్పటికే చేతిలోకి తీసుకున్న నోట్లు అలాగే పట్టుకుని, "ఇది నీకు వాయించడం రాదు కదోయ్," అన్నారు మెల్లగా.

"రాదు," అన్నాను.

సంగీతం గురించి ఆ మాట అప్పటిదాకా నేను ఎవరి ముందూ అనలేదు. మాస్టారు దగ్గర మొదటిరోజు కూడా, కొంచెం వచ్చు అనే చెప్పాను. మా ఆయన నోట్లను మళ్ళీ అట్టపెట్టె మీద పెట్టేశారు. మేం ఏం మాట్లాడుకున్నామో గడ్డమాయనకు అర్థం కాలేదు. నేను కుర్చీలో కూర్చుని గిటారును నిలబెట్టి పట్టుకుని, ఎడమచెయ్యి ఆయన ముందుకు చాపాను. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించమన్నాను.