తెల్ల బూట్లకి మేచింగు

మా కోడలు ఉద్యోగం మానేస్తానని చెప్పింది ఒక శుక్రవారం సాయంత్రం. బస్సు దిగి, హీల్సు జోడు చేతిలో పట్టుకుని, వట్టికాళ్ళతో కాలవగట్టు మీద నడుచుకుంటూ వచ్చింది. అరుగు మీద కూలబడి పాదాలు నా వైపు చాపింది. రెండు మడమల మీదా బొబ్బలు. అందులో ఒకటి చితికిపోయింది కూడా.

"ఇంక నావల్ల కాదండి అత్తయ్యగారూ. సోమవారం ఎళ్ళనండి," అంది.

అమలాపురంలో కొత్తగా పెట్టిన ఇన్సూరెన్సు ఆఫీసు అది. మూడంతస్తులు, లిఫ్టు లేదు. వచ్చినవాళ్ళని కింద పలకరించి, ఎవరి పని ఎక్కడుందో అక్కడికి వెంటబెట్టుకుని తీసుకువెళ్ళడం మా కోడలి పని. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుతామన్నారు. ఆ మూడు నెలలు సోమవారంతో ఆఖరు. ఆ రోజు విశాఖపట్నం నుంచి పెద్ద ఆఫీసరమ్మ వచ్చి, పొద్దున్నించి సాయంత్రం దాకా ఈ పిల్ల వెనకాలే తిరిగి, ఉంచాలో వద్దో చెబుతుందట. అలాంటి రోజున కుంటుకుంటూ మెట్లెక్కితే ఎవరుంచుతారు? పెళ్ళయ్యాక రెండేళ్ళు ఆ పరీక్షలూ ఈ పరీక్షలూ రాసి రాసి తెచ్చుకున్న మొదటి ఉద్యోగం. ఉద్యోగం వచ్చిన రోజున వీధిలో అందరికీ పూతరేకులు పంచింది నేనే. నా బాధ నాది.

"కాళ్ళకి ఏం వేసుకోవాలో కూడా ఆఫీసువాళ్ళే చెబుతారా?" అని అడిగాను.

ఫోనులో వచ్చిన కాగితం చదివి వినిపించింది. బిజినెస్ క్యాజువల్ అట. నేను అయిదో తరగతి దాటలేదు, అయినా వింటూ ఉంటే నాకు అర్థమయింది. పెళ్ళికి వెళుతున్నట్టు ఉండకూడదు, పెరట్లో గిన్నెలు తోముకుంటున్నట్టూ ఉండకూడదు. ఆ రెండింటికీ మధ్య, పక్కింటి పేరంటానికి వెళ్ళినట్టు ఉండాలి. రబ్బరు చెప్పులు పనికిరావు. శుభ్రంగా, సాదాగా ఉంటే స్నీకర్లు వేసుకోవచ్చు.

"స్నీకర్లంటే?"

"బూట్లేనండి. మెత్తగా ఉంటాయండి."

"మరి ఆ మెత్తటివే కొనుక్కోవలసింది కదే తల్లీ, మూడు నెలల నుంచీ ఈ మేకుల మీద నడవడం ఎందుకు?"

"అక్కడ ఆడవాళ్ళందరూ హీల్సేనండి. కుర్తీ కింద బూట్లేసుకుంటే నేనొక్కదాన్నే ఈల ఊదే డ్రిల్లు టీచర్లా ఉంటానండి."

మలికిపురం నుంచి మా ఆడపడుచు అంతకుముందు రోజే వచ్చి ఉంది. నాకంటే మూడేళ్ళు చిన్నది, నోరు మాత్రం పదేళ్ళు పెద్దది. అంతా విని, తాంబూలం నములుతూ తేల్చేసింది.

"అది బూట్ల తప్పు కాదమ్మా, మేచింగు తప్పు. మేచింగు కుదిరితే గంపైనా కిరీటంలాగే ఉంటాది. రేపు నేనొత్తాను."

మేచింగు విషయంలో ఆవిడకి తిరుగులేదు. జాకెట్టు గుడ్డ రంగు చీర అంచుతో ఒక పిసరు తేడాగా ఉందని రాజోలుకి మూడుసార్లు వెళ్ళి వచ్చిన మనిషి.

శనివారం పదింటికి ముగ్గురం అమలాపురం బస్సెక్కాం. ఆడపడుచు చేతిలో పెద్ద గుడ్డసంచి. అందులో మా కోడలి ఆఫీసు బట్టలన్నీ ఉన్నాయి. బూడిదరంగు పేంటు, గోధుమరంగు పేంటు, మూడు కుర్తీలు, ఒక నల్ల కోటు, శుక్రవారాలు కట్టుకునే నేత చీర. చీరకి జాకెట్టు గుడ్డ కొనాలంటే చీర పట్టుకెళతాం కదా. మరి పేంటుకి బూట్లు కొనాలంటే పేంటు పట్టుకెళ్ళకుండా ఎలాగ? మా ఇద్దరికీ అందులో వింతేమీ కనబడలేదు. మా కోడలు మాత్రం బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

చెప్పుల కొట్టాయన కళ్ళజోడు పెద్దాయన. "ఆయ్, రండమ్మా, కూర్చోండి" అని, మొదట ఒక జత తెచ్చాడు. పైనంతా వల, పక్కన గులాబి చారలు.

"ఇవేసుకుని ఆఫీసుకెళ్ళరండి, కొత్తపేట దాకా పరిగెత్తుతారు," అంది ఆడపడుచు.

రెండోదానికి అడుగు ఇంత లావు. ఇడ్లీ మీద ఇడ్లీ పెట్టినట్టుంది. మూడోది తళతళా మెరుస్తోంది. "ఇది ఊరేగింపుకండి," అని ఆవిడే పక్కకి తోసేసింది. అప్పుడు ఆయన లోపలికి వెళ్ళి చాలాసేపటికి రెండు పెట్టెలు తెచ్చాడు. రెండూ తెల్లవే. తోలు లాంటి నున్నటి పైభాగం, పల్చటి అడుగు, చారా లేదు, మెరుపూ లేదు, పెద్ద అక్షరాలూ లేవు. చూడగానే పెద్దింటి మర్యాదస్తుల్లా ఉన్నాయి.

ఆడపడుచు సంచి విప్పి, బట్టలన్నీ బల్ల మీద పరిచింది. పేంటు కాళ్ళ చివర ఒక్కొక్క బూటూ పెట్టింది, పైన కుర్తీ, ఆ పైన కోటు. మనిషి లేకుండా మనిషి పడుకున్నట్టుంది. కొట్లో ఉన్న మిగతావాళ్ళు తమ చెప్పుల సంగతి మర్చిపోయి మా బల్ల చుట్టూ చేరారు.

"ముప్పై ఏళ్ళ నుంచి కొట్టు నడుపుతన్నానండి. బూట్లకి పేంటు మేచింగు చూసినోళ్ళు మీరేనండి," అన్నాడు పెద్దాయన.

"ఈ ట్యూబులైటు కింద రంగు తెలవదండి," అంటూ మా ఆడపడుచు ఒక బూటూ, ఒక పేంటూ పట్టుకుని వీధిలోకి నడిచింది. మేచింగు కొట్లో గుడ్డముక్క వెలుతురులోకి పట్టుకెళ్ళి చూడడం అలవాటు. కాళ్ళు వాటంతట అవే వెళ్ళిపోయాయి.

"అమ్మా! జత గుమ్మం దాటకూడదండి!" పెద్దాయన కంగారుగా వెనకాలే వచ్చాడు.

"ఒక్క బూటుతో పారిపోయి నేనేం చేసుకుంటానండి? అనుమానమైతే మా వదినని మీ దగ్గరే ఉంచుకోండి!"

నడిరోడ్డు మీద, ఎండలో, ఆవిడ పేంటు పైకెత్తి పట్టుకుంటే, పెద్దాయన బూటు పట్టుకుని కింద నిలబడ్డాడు. ఒక ఆటో ఆగింది. మా కోడలు రెండు చేతులతో మొహం కప్పుకుంది, కానీ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వుతోందని అప్పుడు తెలిసింది. మూడు నెలల్లో ఆ పిల్ల అంతలా నవ్వగా చూడలేదు.

రెండో జతా, మిగతా బట్టలూ కూడా ఎండలోకి తెచ్చిన తరవాత తేలింది, రెండు తెలుపులూ ఒకటి కాదని. ఒకటి సున్నం తెలుపు, రెండోది మీగడ తెలుపు. సున్నం తెలుపు బూడిదరంగు పేంటుకి బాగానే ఉంది కానీ గోధుమరంగు దాని పక్కన కొట్టొచ్చినట్టు కనబడుతోంది. మీగడ తెలుపు అన్నిటికీ ఒదిగిపోయింది, నేత చీరకి కూడా. ఆ మాట మా ఇద్దరికంటే ముందు మా కోడలే అంది.

తొడుక్కుని అటూ ఇటూ నడిచింది. మడమల దగ్గర మెత్తగా దిండు కట్టినట్టుందట. పేంటు మాత్రం కాస్త పొడుగై, బూటు మీద ముడతలు పడుతోంది.

"అంగుళం పైకి మడిచి కుట్టేస్తాను, చీలమండ కనబడాలి," అన్నాను.

"మీరూ ఒకసారి వేసి చూడండమ్మా," అన్నాడు పెద్దాయన, నేను వాటినే చూస్తూ ఉండడం కనిపెట్టి.

వేశాను. అరవై రెండేళ్ళకి మొదటిసారి బూట్లు. లేచి నిలబడితే నేల కిందనుంచి ఎవరో అరచేతులతో పైకెత్తుతున్నట్టుంది. నాలుగడుగులు వేసేసరికి నాకే నవ్వాగలేదు.

"వదినా, కుచ్చిళ్ళు పైకెత్తి పరిగెత్తండి, పందెంలో మీదే ఫస్టు!" అంది ఆడపడుచు. కొట్టంతా నవ్వే.

మీగడ తెలుపు జత కొనుక్కుని ఆ నవ్వుతోనే ఇంటికొచ్చాం. ఆ సంతోషమే నా చేత ఒక పని చేయించింది.

దీపాల వేళకి పేంట్లు మడిచి కుట్టడం పూర్తి చేశాను. కోడలు స్నానానికి వెళ్ళింది. బూట్లు పెట్టెలోంచి తీసి చూసుకుంటున్నాను. మా ఇంట్లో కొత్త బట్ట ఏదైనా కొసకి పసుపు బొట్టు పెట్టకుండా కట్టుకోం. బీరువా కొంటే పెట్టాం, మోటారు సైకిలు కొంటే పెట్టాం. పిల్లని సోమవారం మోసుకెళ్ళవలసినవి ఇవే కదా, వీటికి మాత్రం ఎందుకు పెట్టకూడదు అనిపించింది. తడి వేలితో పసుపు అద్ది, తాళ్ళ కింద ఉండే పట్టీ లోపల, ఎవరికీ కనబడని చోట, చిన్న బొట్టు పెట్టాను. రెండోదానికీ పెట్టాను. కిందపెట్టి చూద్దును కదా, కుడి బూటు ముందు భాగం మీద నా బొటనవేలి ముద్ర. పచ్చగా, అచ్చు గుద్దినట్టు.

తడి కొంగుతో తుడిచాను. ముద్ర పోయింది, పసుపు పాకింది. సబ్బు రాశాను. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఈ వయసులో నాకొకరు చెప్పాలా? కంగారులో బుర్ర పనిచెయ్యలేదు. ముందంతా పారాణి పెట్టిన పెళ్ళికూతురి పాదంలా తయారైంది.

ఆడపడుచు వంటింట్లోంచి వచ్చి చూసింది. ఒక్క క్షణం బిత్తరపోయి, తరవాత గోడకి చేరబడి నవ్వడం మొదలెట్టింది.

"నవ్వకే! దాని ఉద్యోగం పోతుంది!" అన్నాను. నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి.

కోడలు తల తుడుచుకుంటూ వచ్చింది. బూటు చూసింది, నన్ను చూసింది. నేను జరిగినదంతా చెప్పేశాను.

"పసుపెట్టేరాండి? బూట్లకా?" అంది మెల్లిగా. మళ్ళీ అడిగింది, "బూట్లకండి?" ఇంక ఆగలేకపోయింది. కిందే కూర్చుని నవ్వింది. "అత్తయ్యగారూ, హారతి కూడా ఇచ్చేరేంటండి?"

నవ్వేసిన తరవాత మాత్రం బూటు ఒళ్ళో పెట్టుకుని దిగులుగా చూసింది. మర్నాడు ఆదివారం, ఆ కొట్టు తియ్యరు. ఆ మడమలతో హీల్సు వేసుకుంటే రెండో అంతస్తు కూడా ఎక్కలేదు.

పసుపుకి ఒకటే మందు, ఎండ. పెళ్ళిబట్టల మీద ఎంత పసుపు పడ్డా ఎండలో రెండుసార్లు ఆరేస్తే వెలిసిపోతుంది. ఆ మాట చెప్పాను. సబ్బంతా పోయేదాకా మంచినీళ్ళతో తుడిస్తే, ఎరుపు పోయి మళ్ళీ పసుపే మిగిలింది. అయితే అది శ్రావణమాసం. పైగా మా ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు. ఎండ వచ్చినా నేల మీద పడేది చారలు చారలుగానే, అవీ ఒకచోట నిలవవు.

ఆదివారం పొద్దున్నించీ నేనూ ఆడపడుచూ చెరొక బూటూ పట్టుకుని పెరడంతా తిరిగాం. ఎండమచ్చ దొరికితే పీట వేసి బూటు పెట్టడం, అది జరిగితే పీట జరపడం. ఎడమదానికి బయట మరక లేదు కానీ, ఒకటి వెలిసి రెండోది వెలవకపోతే మళ్ళీ మేచింగు పోతుందని రెండిటికీ ఎండ పెట్టాల్సిందేనంది ఆవిడ. చివరికి ఇలా కాదని కాలవ వంతెన దగ్గరికి మోసుకుపోయాం. అక్కడొక్కచోటే చెట్టు లేదు. మా ఆయన కూడా వచ్చి వంతెన గోడ మీద కూర్చుని మబ్బులకి కాపలా కాశారు. "వత్తంది! వత్తంది!" అని ఆయన అరవగానే చినుకు పడకముందే బూట్లు కొంగుల కింద దాచేవాళ్ళం.

ఎరువుల బస్తా వేసుకుని వెళుతున్న ఒకాయన సైకిలు ఆపాడు. "ఎవరి బూట్లండి అయ్యి?"

"మా వదినవండి. పరుగుపందేనికి ఎళ్తంది," అంది ఆడపడుచు మొహం కూడా మారకుండా.

"ఆయ్, మంచిదండి," అని నిజమే అనుకుని నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగింటికి కోడలు వచ్చి కుడి బూటు ఎత్తి, తిప్పి తిప్పి చూసింది. ముందు భాగం మీద ఏమీ లేదు. లోపలి పట్టీ మీద బొట్టు ఉన్నా, అది కాలు పెట్టాక కనబడదు.

సోమవారం బూడిదరంగు పేంటు, నీలం కుర్తీ, నల్ల కోటు, కనబడని పొట్టి మేజోళ్ళు, బూట్లు. వీధిలో నిలబడి ఎటు నుంచి చూసినా డ్రిల్లు టీచరు ఎక్కడా లేదు. ఆఫీసరే ఉంది. బస్సెక్కేదాకా చూసి లోపలికి వచ్చాం. ఇంక ఆ రోజంతా నాకు పని సాగితే ఒట్టు. చారు పొయ్యి మీద పెట్టి నీళ్ళు పొయ్యడం మర్చిపోయాను. మధ్యాహ్నం ఫోను రాలేదు. ఆడపడుచు కూడా జోకులెయ్యడం మానేసింది.

అయిదున్నరకి గేటు పట్టుకుని నిలబడ్డాను. బస్సు ఆగింది, మా కోడలు దిగింది. అంత దూరానికి మొహం కనబడదు. కానీ గట్టు మీద నడవడం లేదు, పరిగెత్తుతోంది! చున్నీ వెనక్కి ఎగురుతోంది. కోటు ఒక చేతిలో ఉంది. నేనూ వట్టికాళ్ళతో ఎదురు పరిగెత్తాను. నా వెనకాల "వదినా, పడిపోతారండి!" అని ఆడపడుచు.

"ఉంచేరండీ!" అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "మూడంతస్తులూ పదకొండు సార్లు ఎక్కి దిగేనండి! ఆఫీసరమ్మగారు రెండోసారికే కుర్చీ ఎయ్యమన్నారండి, ఆవిడ హీల్సేసుకొచ్చేరు. 'మీరు తిరుగుతూ ఉండండి, నేను ఇక్కణ్ణించే చూస్తాను' అన్నారండి!"

"మరి మడమలు ఎలా ఉన్నాయే?" అన్నాను.

గట్టు మీదే, బురద అని కూడా చూడకుండా కూర్చుని బూటు లాగేసింది, మేజోడు లాగేసింది. ముగ్గురం వంగి ఆ మడమ చూశాం. పాత బొబ్బ ఎండిపోతోంది, కొత్తది లేదు.